దాచిన కొద్దీ పెరిగే అనుమానం

జన్యుమార్పిడి తిండిని మన దేశంలోకి రానివ్వాలా వద్దా అన్న వాదన రెండు దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. ఈలోగా ఆ తిండి వచ్చేసింది. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి దొరికాక కొన్నేళ్లకే దేశంలో వేసే పత్తి దాదాపు అంతా బీటీయే అయింది. పత్తి అనగానే మనకు దూదే గుర్తొస్తుంది గానీ, గింజల నుంచి తీసిన నూనె వంటింటికీ, మిగిలిన చెక్క గేదెల కుడితిలోకీ పోతాయి. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి దిగే సోయా నూనె చాలావరకు జన్యుమార్పిడి సోయాదే. 2021 ఆగస్టులో కోళ్ల మేత ధర మండిపోతుంటే 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం తలుపు తీసింది. 2018లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ బజారులో కొన్న 65 ఆహార నమూనాలను పరీక్షిస్తే 32 శాతంలో జన్యుమార్పిడి ఆనవాళ్లు కనిపించాయి. వాటిలో చాలా పొట్లాల మీద ఆ సంగతి రాసి లేదు. వంకాయకు వద్దన్నాం, ఆవాలకు ఆగమన్నాం, నూనెకు మాత్రం కళ్లు మూసుకున్నాం.

అనుమతి పొందిన ఈ పంటలు తింటే జబ్బు చేస్తుందన్న భయానికి ఇప్పటివరకు గట్టి ఆధారం దొరకలేదు. అయినా భయం తగ్గలేదంటే దానికి కారణం జనం అమాయకత్వం అని శాస్త్రవేత్తలు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. పరీక్షలు ఎవరు చేశారో, ఏం తేలిందో చెప్పకుండా ఫలితాన్ని మాత్రం నమ్మమన్న పద్ధతే ఆ భయాన్ని పెంచి పోషించింది. తిండి భద్రత గురించి ఆధారాలు ఒకవైపు చూపిస్తుంటే, ఆ ఆధారాలను నిర్వహించిన తీరు జనాన్ని రెండో వైపుకు నెట్టింది.

ముందు ఆధారాల సంగతి. బీటీ అంటే నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. అది తయారుచేసే ప్రొటీను కొన్ని రకాల పురుగుల పేగుల్లో, అక్కడి క్షార గుణం వల్ల విచ్చుకుని, పేగు గోడ మీది ప్రత్యేకమైన గ్రాహకాలకు అతుక్కుని, గోడను తూట్లు పొడుస్తుంది. మనిషి కడుపులో ఉండేది ఆమ్లం. ఆ గ్రాహకాలూ లేవు. అక్కడ అది పప్పులోని ప్రొటీనులాగే అరిగిపోతుంది. ఇదే బాక్టీరియాను పొడిగా, ద్రావణంగా సేంద్రియ రైతులు సైతం దశాబ్దాలుగా పైరు మీద చల్లుతున్నారు. పత్తి నూనె వాడుతున్నా ఎవరికీ ఏమీ కాలేదు కదా అని కొందరు వాదిస్తారు. అది పస లేని వాదన. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీను దాదాపు మిగలదు కాబట్టి దాన్నిబట్టి అటూ ఇటూ ఏమీ తేలదు. అంతకంటే మంచి సాక్ష్యం హవాయి బొప్పాయి. ఉంగరపు మచ్చల వైరస్‌తో అక్కడి తోటలు తుడిచిపెట్టుకుపోతున్న వేళ, 1998 నుంచి రైతులు వేసుకున్న జన్యుమార్పిడి బొప్పాయిని జనం పచ్చిగా కోసుకుని తింటూనే ఉన్నారు. ఆ పండులో చేర్చింది వైరస్ తొడుగు ప్రొటీనుకు చెందిన జన్యువు. తెగులు సోకిన మామూలు బొప్పాయిని తిన్నవాళ్లు అంతకుముందు మింగిందీ ఆ తొడుగునే.

2016లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 900కు పైగా పరిశోధనలను వడపోసి ఒక పెద్ద నివేదిక ఇచ్చాయి. అందులో నాకు నచ్చిన పని ఒకటుంది. 1990ల నడుమ నుంచి జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయా విరివిగా తింటున్న అమెరికా, కెనడాలనూ, అవి పెద్దగా తినని బ్రిటన్, పశ్చిమ ఐరోపాలనూ పక్కపక్కన పెట్టి, క్యాన్సర్లు, ఊబకాయం, మూత్రపిండాల జబ్బులు, ఆటిజం వంటివి కాలక్రమాన ఎలా మారాయో చూశారు. ఈ తిండి వల్లే అనదగ్గ తేడా కనిపించలేదు. కంపెనీల డబ్బుతో చేసిన పరిశోధనలను ఎలా నమ్ముతాం అన్న ప్రశ్న సరైనదే. కానీ ఐరోపా సంఘం ప్రజాధనంతో 25 ఏళ్లలో, 500కు పైగా స్వతంత్ర బృందాలతో చేయించిన 130కి పైగా ప్రాజెక్టులు కూడా 2010 నాటికి ఇంచుమించు ఇదే మాట చెప్పాయి. జన్యుమార్పిడి అంటే నొసలు చిట్లించే ఐరోపాకు ఈ కంపెనీలను వెనకేసుకురావలసిన పని లేదు. ఇక కణుతులతో ఉబ్బిన ఎలుకల ఫొటోలు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అవి ఫ్రాన్స్ శాస్త్రవేత్త సెరాలినీ 2012లో ప్రచురించిన వ్యాసంలోవి. ఆయన వాడిన జాతి ఎలుకలకు వయసు మీరితే ఏం తినిపించినా కణుతులు వస్తాయి. ఒక్కో గుంపులో పెట్టింది పదేసి ఎలుకలను. అంత చిన్న లెక్కతో ఏమీ తేల్చలేమని పత్రికే 2013లో దాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాత వేరే పత్రికలో అది మళ్లీ అచ్చయింది గానీ ఎలుకల సంఖ్య పెరగలేదు.

అయితే ఒక పంట క్షేమమని తేలితే పక్క పంట కూడా క్షేమమని అనేయడం కుదరదు. 1990లలో ఒక విత్తన కంపెనీ సోయాలో పోషక విలువ పెంచాలని బ్రెజిల్ నట్ జన్యువును చేర్చింది. ఆ గింజ పడనివారికి ఆ సోయా కూడా పడదని పరీక్షల్లో బయటపడటంతో ఆ ప్రయత్నమే ఆపేశారు. వ్యతిరేకులు దీన్ని ప్రమాదానికి రుజువుగా చూపిస్తే, సమర్థకులు పరీక్షల గొప్పతనానికి రుజువుగా చూపిస్తారు. నేను దీన్ని ఇంకోలా చదువుతాను: ప్రమాదం పద్ధతిలో లేదు, ఏ జన్యువును చేర్చామన్న దాంట్లో ఉంది. ఎందుకంటే పాత పద్ధతులు మాత్రం అంత నిష్కల్మషమేమీ కావు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం విత్తనాలకు రేడియేషన్ తగిలించి, తెలియని చోట్ల ఎన్ని జన్యువులు మారాయో లెక్క చూడకుండానే, మంచి వేరుశెనగ రకాలు తయారుచేసింది. వాటిని పండించాం, తిన్నాం, ఎవరూ ఎలుకలకు పెట్టి చూడమనలేదు. అమెరికా అకాడమీల నివేదిక కూడా విత్తనం ఎలా పుట్టిందని కాక, అందులో కొత్తగా ఏముందని చూసి పరీక్షించమంటుంది. అంటే ప్రతి పంటకూ దాని ఫైలు దానికి ఉండాలి. ఆ ఫైలు చూడాలనుకున్నవారికి దొరకాలి.

మన దేశంలో దొరకనిదల్లా అదే. 2006లో వరంగల్ జిల్లాలో కాపు అయిపోయిన బీటీ పత్తి చేలలో మేసిన గొర్రెలు గుంపులుగా చనిపోయాయన్న వార్త దేశమంతా పాకింది. బీటీ ప్రొటీనుకూ ఆ చావులకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని, నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాల వంటివి కారణమై ఉండవచ్చని అనుమతుల కమిటీ జీఈఏసీ తేల్చింది. ఆ మాట నిజమే కావచ్చు, బీటీ పనిచేసే తీరు కూడా దానికి సరిపోతుంది. కానీ మందలో సగం పోగొట్టుకున్న కాపరికి కావలసింది ఢిల్లీలో తీర్మానం కాదు. చచ్చిన గొర్రె కడుపులో ఏం దొరికిందో, ఎవరు పరీక్షించారో తన భాషలో రాసిన కాగితం. బీటీ వంకాయ విషయంలోనూ అంతే. ఆ పరీక్షల వివరాలు సమాచార హక్కు దరఖాస్తులు, కోర్టు గుమ్మాలు దాటుకుని 2008లో గానీ జనం ముందుకు రాలేదు. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పి.ఎం. భార్గవను సుప్రీంకోర్టు అదే ఏడాది జీఈఏసీలో తన ప్రతినిధిగా కూర్చోబెట్టింది. చేయాల్సిన పరీక్షలు చాలా చేయలేదని, చేసినవి కంపెనీ చేయించుకున్నవేనని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నారు. భార్గవ చెప్పిన ప్రమాదాలన్నిటితో నేను ఏకీభవించను. కానీ పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటున్నాడన్న ఆయన అభ్యంతరానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. 2009 అక్టోబరులో కమిటీ ఆ వంకాయకు పచ్చజెండా ఊపింది. హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనం మాట విన్న అప్పటి మంత్రి జైరాం రమేశ్, 2010 ఫిబ్రవరి 9న స్వతంత్ర పరీక్షలు జరిగేదాకా అంటూ మారటోరియం పెట్టారు. అదే వంకాయను బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది, 2014 నుంచి అక్కడి రైతులు పండిస్తున్నారు. మన దగ్గర మారటోరియం మిగిలింది, దానికి కారణంగా చెప్పిన స్వతంత్ర పరీక్షల ఫలితాలు మాత్రం జనం ముందుకు రానేలేదు.

కంపెనీ కాబట్టి దాచింది అనుకుందామంటే, ఆవాలు ఆ వాదననూ నిలవనివ్వవు. డీఎంహెచ్-11 ఆవాలు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం ప్రజాధనంతో తయారుచేసిన పంట. ఏ విదేశీ కంపెనీ లాభమూ అందులో లేదు. అలాంటి పంట పరీక్షల పూర్తి ఫైలును 2016లో చూడాలంటే ఢిల్లీలో మంత్రిత్వ శాఖ కార్యాలయానికి వెళ్లి కూర్చుని చదువుకోవాలన్నారు. వెబ్‌సైటులో పెట్టింది సారాంశం మాత్రమే. శ్రీకాకుళం రైతుకో, ఆదిలాబాద్ వైద్యుడికో అది లేనట్టే లెక్క. 2022 అక్టోబరులో కమిటీ ఆ పంటను పొలాలకు వదలమని సిఫారసు చేస్తే, 2024 జులైలో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. అనుమతి చెల్లదన్న జస్టిస్ నాగరత్న ఎత్తిచూపిన లోపాల్లో దేశీయ అధ్యయనాలు వదిలి విదేశీ పరిశోధనల మీద ఆధారపడటం ఒకటి. ఇద్దరూ కలిసిన చోటు కూడా ఉంది: అందరినీ సంప్రదించి ఒక జాతీయ విధానం తయారుచేయమన్నారు.

ఇక్కడ వ్యతిరేకులను అడగాల్సిన మాట కూడా ఒకటుంది. వద్దు, ఆపండి అన్న నినాదం పొలంలో ఏం చేసిందో చూశారా? గడ్డిమందును తట్టుకునే పత్తికి దేశంలో ఇప్పటికీ అనుమతి లేదు. అయినా ఆ విత్తనం తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో దొంగచాటుగా అమ్ముడుపోతోంది, ప్రతి ఖరీఫ్‌కు ముందు పోలీసులు పట్టుకున్న ప్యాకెట్ల ఫొటోలు పేపర్లలో వస్తూనే ఉంటాయి. కలుపు కూలి గిట్టుబాటు కాని రైతు దాన్ని కొంటున్నాడు, గ్లైఫోసేట్ అనే గడ్డిమందు చల్లుతున్నాడు. ఆ మందుకు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదన్న ముద్ర వేసింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ అలాంటిదేమీ కనిపించలేదంది. ఏది నిజమైనా, ఏ పరీక్షా దాటని ఆ గింజ ఆఖరికి నూనె మిల్లుకే చేరుతోంది. జన్యువు గురించి చేసే గొడవలో పదో వంతు ఈ మందు అవశేషాల గురించి చేసి ఉంటే బాగుండేది.

పొట్లం మీద గుర్తు పెడితే జనం భయపడి కొనరు, మంచి పంట చచ్చిపోతుంది అని పరిశ్రమ వాదన. 2013 నుంచే పొట్లాల మీద జన్యుమార్పిడి గుర్తు ఉండాలన్న నిబంధన కాగితం మీద ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద రావలసిన నియమాల బదులు 2021లో ఒకటి, 2022లో ఒకటి ముసాయిదాలు వచ్చాయి. అమెరికాయే 2022 జనవరి నుంచి గుర్తు తప్పనిసరి చేసుకుంది, అక్కడి సోయా అమ్మకాలు కూలిపోలేదు. మన పొట్లాల మీది ఆకుపచ్చ చుక్క ఆ తిండి ఒంటికి మంచిదని చెప్పదు. ఏం తినాలో తేల్చుకునే వీలు ఇస్తుంది, అంతే. ఈ గుర్తూ అలాంటిదే.

అయితే గుర్తు చూసి ఏరుకునే స్థోమత అందరికీ ఉండదు. అందుకే ఇప్పుడు మన గుమ్మం ముందున్న విషయం ఆవాలకంటే పెద్దది. 2025 మే నెలలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ చేసిన ‘కమల’కు తల్లి బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. రెండోదానికి తల్లి మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు. పరాయి జన్యువు మిగలని ఇలాంటి సవరణలను 2022 మార్చిలోనే కేంద్రం జీవ భద్రత నిబంధనల్లో ముఖ్యమైన వాటి నుంచి మినహాయించింది. ప్రకృతిలో జరగగల మార్పే కదా అన్నది దానికి చెప్పే కారణం. శాస్త్రపరంగా ఆ కారణం సమంజసమేనని నా అభిప్రాయం. కానీ మినహాయింపు పరీక్షలకే తప్ప వివరాలకు కాదు. ఎక్కడ కోశారు, అనుకోని చోట మార్పులేమైనా వచ్చాయా, బియ్యంలో పోషకాలు తల్లి రకంతో సరితూగుతున్నాయా అన్నది విత్తనం సంచి దుకాణానికి రాకముందే, తెలుగులో కూడా, అందరికీ కనిపించేలా పెట్టాలి. విత్తన పరిశోధన రహస్యాలు బయటపడతాయంటే వాటిని దాచుకోవచ్చు. పోషకాల పట్టిక వ్యాపార రహస్యం కాదు. పరీక్ష ఖర్చు కంపెనీయే భరించాలి గానీ, డబ్బు ఉమ్మడి నిధిలో వేయాలి, ప్రయోగశాలను ఎంచుకునే పని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వంటి వాటికి వదలాలి. దీనివల్ల ఆలస్యమవుతుందనేవారు, 2010లో ఆగిన వంకాయ ఇప్పుడెక్కడుందో చెప్పాలి. ఇక తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇస్తోంది. రేపు ఆ సన్నబియ్యంలో ‘కమల’ కలిసినా కార్డుదారుకు ఎంచుకునే పొట్లం ఉండదు, చదువుకునే గుర్తూ ఉండదు. ఆ ఫైలు అడగాల్సింది వారి తరఫున ధాన్యం కొనే ప్రభుత్వం, అదీ కొనేముందు.