సుబ్బారెడ్డి సంచి

రాజమండ్రి కోటగుమ్మం మీదుగా రోజూ వేలమంది వస్తూపోతూ ఉంటారు. 1858 తర్వాత చాలాకాలం అక్కడ ఒక ఇనుప బోను వేలాడేదని పెద్దలు చెప్పుకునేవారు. అందులో ఉన్నది కారుకొండ సుబ్బారెడ్డి శవం. పోలవరం ఎగువన గోదావరి ఒడ్డున కొరుటూరు ఆయన ఊరు. కంపెనీ దొరల మీద తిరగబడ్డాడని ఆయన్ని బుట్టాయగూడెంలో ఉరితీశారు. జనం హడలిపోవాలని శవాన్ని రాజమండ్రి తెచ్చి బోనులో పెట్టారు. ఊరివాళ్లు ఆ బోనుకు ‘సుబ్బారెడ్డి సంచి’ అని పేరు పెట్టుకున్నారు.

ఉరి సంగతి సర్కారు కాగితాల్లో దొరుకుతుంది. జనం ఆ బోనును సంచి అని ఎందుకన్నారో ఆ కాగితాలు చెప్పవు. అది భయమా, వెటకారమా, మనవాడన్న జాలా? అది తెలియాలంటే ఒక కథకుడు కావాలి. కానీ ఏ కథకుడూ అటు చూసినట్టు లేదు. ఇంటింటికీ చేరిన నవలగానీ సినిమాగానీ సుబ్బారెడ్డికి దక్కలేదు. అందుకే పోలవరం పేరు చెబితే ఈనాటి పిల్లలకు ప్రాజెక్టు గుర్తుకొస్తుందిగానీ కొరుటూరు రాదు.

గతాన్ని తెలుసుకోవడానికి నవల చదవాలా, చరిత్ర గ్రంథం చదవాలా అన్న వాదన మనకు పాతదే. నవల అంటే కల్పన, సర్కారు గెజిటీర్ అంటే నిజం అనుకుంటే పని తేలికే. పోలవరం కొండల విషయంలో మాత్రం ఆ లెక్క కుదరదు.

‘పితూరీ’ అన్న మాటే చూడండి. మన్యంలో తిరుగుబాటు లేచినప్పుడల్లా అధికారులు కాగితం మీద రాసిన మాట అది. ఈనాడు మన ఇళ్లల్లో పితూరీ అంటే చాడీ. అన్నమీద అమ్మకు చెప్పేది. ప్రాణాలకు తెగించిన మనుషుల కథ ఒక చిన్నచూపు మాటలోకి కుదించుకుపోయింది. రికార్డు అబద్ధం చెప్పక్కర్లేదు. అది వాడే మాటలే ఒక పక్షం.

అలాగని రికార్డును అవతల పారేయలేం. 1879 రంపా తిరుగుబాటు సంగతే తీసుకోండి. హెమింగ్వే అనే దొర రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ 1907లో అచ్చయింది. రంపా మున్సబుదారు పీడన, కల్లు మీద వేసిన చిగురుపన్ను, కొండవాళ్లను కోర్టులకీడ్చి ఆస్తులు లాక్కున్న షావుకార్లు, పోలీసుల ఆగడాలు వంటి కారణాలన్నీ అందులో ఉన్నాయి. కొండల్లో జీలుగుచెట్టు పాడిగేదెతో సమానం. చెట్టుకల్లు మీద పన్నేస్తే కడుపుమీద పన్నేసినట్టే. ఆ తర్వాత సర్కారు మున్సబుదారును తప్పించింది కూడా. ఆ తిరుగుబాటు నాయకుడు కారం తమ్మన్నదొర పేరు మనదాకా వచ్చిందంటే, ఆయన్ని వేటాడినవాళ్లు రాసి పెట్టుకోబట్టే. శత్రువు ఫైలులో బతికిన పేరు మన పాటల్లో బతకలేదు.

ఇక కథల సంగతి. రాజమండ్రిలో కూర్చుని చిలకమర్తి లక్ష్మీనరసింహం 1890ల్లో ‘హేమలత’ రాశారు. తెలుగులో చారిత్రక నవల వేసిన తొలి అడుగుల్లో అదొకటి. అందులోని వీరులు రాజపుత్రులు. కోటగుమ్మం వీరుడి మీద ఎందుకు రాయలేదని ఈనాడు అడగడం తేలిక. దొరల ఏలుబడిలో ఆ పేరు ఎత్తితే ఏమవుతుందో అందరికీ తెలుసు. దూరదేశపు వీరుణ్ని కొలవడం అప్పట్లో క్షేమమైన దేశభక్తి. కాబట్టి నవల ఏం చెప్పిందన్నదే కాదు, ఏం చెప్పలేకపోయిందన్నదీ చరిత్రకు సాక్ష్యమే.

ఈ మౌనం నవలాకారులకే పరిమితం కాదు. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాజరాజనరేంద్రుడి మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. తెలుగు చరిత్రకు ఆ మండలి చేసిన సేవ చిన్నది కాదు. అదే ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీస్‌స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడి జరిగింది. రాజరాజనరేంద్రుడికి సంచిక వచ్చింది, సుబ్బారెడ్డికి సంచే మిగిలింది.

అల్లూరికి మాత్రం సినిమా దొరికింది. 1974లో కృష్ణ నటించిన చిత్రం మూడు తరాలకు చరిత్ర పాఠమైంది. అది చేసిన మేలు కాదనలేం. కానీ వెలుగంతా ఒక్కడి మీద పడితే పక్కవాళ్లు నీడలవుతారు. కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పని చేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్‌తో గాం గంటందొరకు ముందునుంచే పేచీ ఉంది. మన మనసుల్లో మాత్రం ఆయన రాజు వెనక నిలబడే అనుచరుడు. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ అల్లూరినీ కొమురం భీమ్‌నూ చెలిమికాళ్లను చేసింది. ఒకరు 1924లో, మరొకరు 1940లో నేలకొరిగారు. వాళ్లిద్దరూ కలిశారనడానికి ఆధారం లేదు. కల్పన అని చెప్పి తీశారు గనక తప్పు పట్టక్కర్లేదు. పిల్లాడు దాన్ని పరీక్షలో జవాబుగా రాస్తే తప్పు మనది.

మరో దారీ ఉంది. అల్లం రాజయ్య, సాహు కలిసి 1983లో ‘కొమురం భీం’ నవల తెచ్చారు. గోండుగూడేల్లో తిరిగి, పెద్దల నోట విన్నదాన్ని కథగా మలిచారు. గోదావరి లోయలో 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల మధ్య ఉండి పుస్తకం రాశారు. వెదురు కాంట్రాక్టర్ల అప్పుల్లో వాళ్లు ఎలా చిక్కుకున్నారో చూపించారు. నవలాకారులైనా పండితుడైనా కాగితంతో ఆగలేదు. మనుషుల దగ్గరికి వెళ్లారు.

మనకిప్పుడు ఆ అవకాశమే చేజారుతోంది. పోలవరం జలాశయం పూర్తిమట్టం 150 అడుగులు. కొరుటూరు, తూటిగుంట ముంపు జాబితాలోని ఊళ్లు. పరిహారం కోసం ఇల్లు లెక్కపెట్టారు, చెట్టు లెక్కపెట్టారు, ఎకరం కొలిచారు. ఈ బండ పేరేమిటి, ఆ కాలిబాటన ఎవరు పారిపోయారు అని రాసుకునే గడి ఆ ఫారంలో లేదు. గెజిటీర్ గ్రంథాలయంలో ఉంటుంది, సినిమా ఫోనులో ఉంటుంది. ఊరి జ్ఞాపకానికి ఊరే ఆధారం. ఊరు చెదిరితే అదీ చెదురుతుంది.

పునరావాస కాలనీల బడుల్లో పనిచేసే మాస్టార్లకు ఒక మనవి. సెలవుల్లో పిల్లలచేత వాళ్ల తాతనూ అమ్మమ్మనూ అడిగించండి. కొండల పేర్లు, వాగుల పేర్లు, పితూరీ కథలు వాళ్ల మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాయించండి. అందులో తప్పులుంటాయి, అతిశయం ఉంటుంది. వాటిని గెజిటీర్ పక్కన పెట్టి సరిచూసుకోవడం తర్వాతివాళ్ల పని. ముందు ఆ నోటుబుక్కంటూ ఉండాలి.