కదలకూడనిది విరిగిన చోటే, మనిషి కాదు

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దావిడను మర్నాడే వాకర్ పట్టించి నిలబెడితే ఇంటిల్లిపాదీ నా మీద విరుచుకుపడతారు. "కుట్లయినా ఆరలేదు, ముసలి ప్రాణాన్ని ఎందుకు మేడం హింసపెడతారు?" అంటారు. ఒంగోలులో ఫిజియోథెరపిస్టుగా ఈ మాట నాకు అలవాటే. వాళ్ల ప్రేమను కాదనను. కానీ మంచం దిగనివ్వని ఆ ప్రేమ ఎముకకు చేటు.

పుత్తూరు కట్టు అయినా, సిమెంటు కట్టు అయినా విరిగిన చోటు కదలకుండా చూడటానికే. ఇప్పుడా పని చాలావరకు లోపలి ప్లేట్లు, రాడ్లే చేస్తున్నాయి. అయినా 'కదలకూడదు' అన్న భయం మాత్రం మనిషి మొత్తానికీ పాకిపోయింది.

ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు నిత్యం పనిలో ఉంటాయి. కట్టే కణాలను పురమాయించే సంకేత మార్గాల్లో 'వింట్' ముఖ్యమైనది. ఎముక లోపల పాతుకుని ఉండే ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను వదిలి ఆ మార్గానికి అడ్డుపడతాయి. కాళ్ల మీద ఒంటి బరువు పడితే ఆ ప్రొటీన్ తగ్గుతుంది, మంచాన పడితే పెరుగుతుంది. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక సాంద్రత నెలకు సుమారు 1 నుంచి 1.5 శాతం పడిపోవడం తెలిసిందే.

దక్షిణాఫ్రికాలోని కొన్ని ఆఫ్రికానర్ కుటుంబాల్లో జన్యులోపం వల్ల స్క్లెరోస్టిన్ తయారుకాదు. వాళ్ల ఎముకలు అతిగా మందమై, నరాలను నొక్కి, చెవుడు తెస్తాయి. ఆ అరుదైన జబ్బు మీద పరిశోధనే ఈ ప్రొటీన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్ మందుకు దారితీసింది. అమెరికా 2019లో దాన్ని అనుమతించింది. అది ఖరీదైన ఇంజెక్షన్. ఏడాదిలోపు గుండెపోటో, పక్షవాతమో వచ్చినవారికి ఇవ్వకూడదు. నడక పూర్తిగా దానికి సాటి అనను గానీ, అది తాకే మీటనే నడకా తాకుతుంది.

నా ఫిర్యాదు ఇంటివాళ్ల మీద కంటే ఆసుపత్రుల మీదే ఎక్కువ. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు వరసగా ఉంటాయి. కాలి మీద ఎంత బరువు మోపాలో, ఎప్పటినుంచి నడవాలో చాలాసార్లు ఒక్క ముక్కా ఉండదు. జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముక బోలుబారిందేమో చూడాలి. ఆ పరీక్ష ఊసు కూడా ఉండదు.

విరుపులన్నీ ఒకటి కావు. కొన్నింటికి వారాల తరబడి బరువు మోపకూడదు. అది సర్జనే చెప్పాలి. అందుకే ఆసుపత్రి గడప దాటేముందు ఆ మాట అడిగి రాయించుకోండి. సర్జన్ సరేనన్న రోజు నుంచీ పక్కనుండి నడిపించండి.