ప్రార్థనలో త్రాసు పట్టవద్దు



లూకా సువార్త 18వ అధ్యాయములోని పరిసయ్యుడు అబద్ధమాడలేదు. వారమునకు 2 మారులు ఉపవాసముండెను, పదియవ వంతు చెల్లించెను. అతని దోషము ఉపవాసము కాదు. దూరమున నిలిచిన సుంకరితో తన్ను తూచుకొని హెచ్చించుకొనుటయే.

ఆ త్రాసు మన చేతులలో లేదా? ఆదివారమునకు మంచి చీర లేదని ఇంటనే నిలిచిపోవు సహోదరిని ఆపినదెవరు? దేవుడా, మన చూపులా? 1903లో నెల్లూరునుండి నేటాలునకు వచ్చిన జాన్ రంగయ్యగారు కియర్స్నీ తేయాకుతోట కూలివారి నడుమనే సంఘమును స్థాపించిరి. ఆ సంఘమునకు బట్టలు పునాది కాలేదు.

కాబట్టి శనివారము సాయంకాలము ఆమె యింటికి పోయి, పనిబట్టలతోనే రమ్మని పిలిచి, ఆరాధనలో మన ప్రక్కనే కూర్చుండబెట్టుకొందము. సుంకరిని ప్రభువు అంగీకరించెను గదా. ఆమెను దూరముంచుటకు మనమెంతటివారము?