పద్దు చదివేదెవరు?

2023 మార్చి 23. లోక్‌సభ దద్దరిల్లుతోంది. అదానీ వ్యవహారంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం (జేపీసీ) వేయాలని ప్రతిపక్షం, రాహుల్ గాంధీ క్షమాపణ చెప్పాలని అధికారపక్షం. ఆ రభసలోనే గిలెటిన్ పడింది, అంటే పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెట్టేశారు. దాదాపు 45 లక్షల కోట్ల రూపాయల ఖర్చు మూజువాణి ఓటుతో నిమిషాల్లో గట్టెక్కింది. ఒక్క శాఖ పద్దు మీదైనా చర్చ లేదు. మర్నాడు ఆర్థిక బిల్లుదీ అదే తీరు. 64 సవరణలు తెచ్చారు, అవేమిటని అడిగిన నాథుడు లేడు.

డ్వాక్రా సంఘంలో పది రూపాయలు తేడా వస్తే లెక్క తేలేదాకా ఆడవాళ్లు చాప మీంచి లేవరు. వాళ్లు ఎన్నుకున్న పెద్దలకు ఆ పాటి పట్టింపు కూడా లేదు!

'ప్రభుత్వం తక్కువ, పాలన ఎక్కువ' అంటూ ఈ అధికారపక్షం వాళ్లు 2014లో వచ్చారు. ఆ జూలై బడ్జెట్ సుమారు 18 లక్షల కోట్లు. 2025-26కి అది 50 లక్షల కోట్లు దాటింది. ధరలు పెరిగాయి, దేశమూ పెరిగింది, కాదనను. అంకె పెద్దదైందని కాదు నా మంట. తక్కువ ప్రభుత్వం కావాలన్నవాళ్లే తమ ఖర్చును ఎవరూ తరచి చూడకుండా దాటించుకున్నారు. ఇక ప్రభుత్వానికి హద్దు గీసేదెవరు? సంఘటిత నిధి నుంచి రూపాయి తీయాలన్నా సభ చట్టం చేయాలని రాజ్యాంగం 114వ అధికరణంలో రాసుకున్నది ఇందుకేనా?

కాంగ్రెస్ వాళ్లు సంబరపడనక్కర్లేదు. 2013లో వాళ్ల బడ్జెట్టూ చర్చ లేకుండానే దాటింది. 2018లో మళ్లీ అదే కథ. కుర్చీలు మారాయంతే.

2023 నాటి ఆ 45 లక్షల కోట్లలో దాదాపు నాలుగో వంతు వడ్డీలకే. దానిపై సభకు ఓటే లేదు. ఓటున్నచోటైనా నోరు విప్పారా? ఉపాధి హామీకి అంతకుముందు ఏడాది సవరించిన అంచనా 89,400 కోట్లు. 2023-24కి 60,000 కోట్లే రాశారు. గడ్డపార పట్టే మనిషి కూలికి సంబంధించిన ఈ కోత కూడా ఆ సాయంత్రం అరుపుల్లోనే పాసైంది. ఎందుకు తగ్గించారని ఆ పద్దు మీద నిలదీసి, మంత్రి చేత జవాబు చెప్పించే అవకాశాన్ని రెండు పక్షాలూ కలిసి కాలదన్నాయి.

మనమైనా అడిగామా? టీవీల్లో ఎవరు ఎవరిని తిట్టారో చూశాం, చానెల్ మార్చాం. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఈసారి ఊరికొస్తే శాలువా కప్పే ముందు నిలబెట్టి అడగండి: ఏ పద్దు మీద మాట్లాడారు? ఏ రోజు? ఆ సభా రికార్డు కాగితం ఏదీ?