ఎండ ఇంట్లోకి వచ్చినప్పుడు

వేసవి మొదలు కాగానే వైద్యులమంతా ఒకే మాట చెబుతాము: మిట్టమధ్యాహ్నం బయటకు వెళ్లకండి, నీడపట్టున ఉండండి. ఆ నీడే కొలిమిలా కాగుతుంటే ఏమి చేయాలో మాత్రం చెప్పము. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో ఎందరో స్త్రీలు ఇంటిలోనే కూర్చుని బీడీలు చుడతారు. ఫ్యాను వేసుకుందామంటే పొగాకు ఎగిరిపోతుంది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులు ఎందరో రేకుల కప్పుల కింద పని చేస్తారు. వీరు ఎండలోకి వెళ్లరు. ఎండే వీరి వద్దకు వస్తుంది.

శరీరోష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడితే అది వడదెబ్బ. అది మీకు తెలిసినదే. అంతగా తెలియనిది రాత్రి సంగతి. పగలంతా శ్రమించిన గుండెకు, మూత్రపిండాలకు రాత్రి చల్లదనమే విశ్రాంతి. కాంక్రీటు స్లాబు పగలు పీల్చుకున్న వేడిని సాయంత్రం నుంచే గదిలోకి వదులుతుంది. మూరెడు మందం మట్టిగోడను దాటి లోపలికి రావడానికి వేడికి చాలా గంటలు పడుతుంది. అప్పటికి బయటి గాలి చల్లబడుతుంది, కిటికీలు తెరిస్తే ఆ వేడి వెళ్లిపోతుంది. మన పాత పెంకుటిళ్ల రహస్యం ఇంతే. ఈజిప్టులో హసన్ ఫతీ 1940లలో పచ్చి ఇటుకలతో కొత్త గుర్నా గ్రామాన్ని నిర్మించినది కూడా ఈ సూత్రం మీదనే. మనమేమో మట్టి ఇంటిని పేదరికానికి గుర్తుగా భావించి, దానిని కూల్చి, ఏసీకి కరెంటు బిల్లు కడుతున్నాము!

అయితే ఎలా కట్టినా మేలే అనను. ఉత్త రేగడి మట్టి ఎండితే పగుళ్లు తీస్తుంది. ఇసుక, వరిగడ్డి కలిపి తొక్కి, నానబెట్టాలి. పునాది రాతితో ఎత్తుగా, చూరు రెండడుగులు ముందుకు ఉండాలి. లేనిచో గోడ చెమ్మగిల్లి, బూజు పట్టి, ఉబ్బస రోగులకు చేటు చేస్తుంది. పాత సిమెంటు రేకులను తీసేటప్పుడు కోయకండి, పగలగొట్టకండి. వాటిలోని ఆస్బెస్టాస్ నూలు ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల తరువాత కూడా క్యాన్సర్ రావచ్చు.

కలప విషయంలో నా సలహా: కొత్త చెట్టు కొట్టించకండి. కూల్చిన ఇళ్ల టేకు దర్వాజలు, నల్లమద్ది దూలాలు వెతికి కొనండి. ఇనుప చట్రంలా కలప వేడెక్కదు. చేతిపని తెలిసిన వడ్రంగికి పని దొరుకుతుంది. అతడు చిత్రిక పట్టేటప్పుడు, ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు మాస్కు మీరే కొనివ్వండి. గట్టి కలప పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కులో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.