రెండు నాలాల మధ్య బడి

బడి పెడతామని ముందుకొచ్చినవాణ్ని పది ఆఫీసుల చుట్టూ తిప్పుతారు, అందుకే హైదరాబాద్ పాతబస్తీ పిల్లలకు మంచి బళ్లు రావడం లేదు. చాంద్రాయణగుట్ట నుంచి పహాడీ షరీఫ్ దాకా ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. రోగం చెప్పినవాళ్ల దగ్గరే మందు కూడా ఉంటుంది: అనుమతులు తగ్గించండి, ముందు కట్టుకోనివ్వండి, కాగితాలు తర్వాత చూసుకుందాం, చదువు పుణ్యకార్యం కదా! వినడానికి బాగానే ఉంటుంది. పాతబస్తీని ఆనుకుని ఉన్న జల్‌పల్లి నేల మీద పెట్టి చూస్తే ఈ వాదన నిలవదు.

ఇక్కడ బడికి జాగ వెతికేవాడు మొదట నేర్చుకోవాల్సిన మాట నాలా. రెవెన్యూ ఆఫీసులో నాలా అంటే సాగుభూమిని ఇతర అవసరాలకు మార్పించుకునే కాగితం. 2006 నాటి చట్టం పేరిట జనం నోట స్థిరపడిన పొట్టిపేరు అది. మున్సిపాలిటీలో నాలా అంటే వానొస్తే పొంగే కాలువ. మొదటి నాలా చేతికందిందని కొబ్బరికాయ కొట్టినవాడికి, రెండో నాలా తన ప్రహరీ పక్క నుంచే పోతోందని పునాది తీశాక తెలుస్తుంది. రెవెన్యూ కాగితంలో కాలువ ఊసుండదు. కాలువ చూసేవాళ్లకు సర్వే నంబరు చరిత్ర పట్టదు. అది శిఖం భూమా (చెరువు గర్భమా), వక్ఫ్ భూమా, నిషేధిత జాబితాలో ఉందా అన్నది ఇంకో కిటికీ దగ్గర అడగాలి. అగ్నిమాపక శాఖ నిచ్చెన బండి తిరిగేంత చోటుందా అని చూస్తుంది. విద్యాశాఖ ఆటస్థలం చూస్తుంది. అందరూ చూసేది ఒకే జాగను, కానీ అందరూ కలిసి ఒక్కసారైనా అక్కడ నిలబడరు. నా ఫిర్యాదు అనుమతుల సంఖ్య మీద కాదు, ఈ ఎడమొహం పెడమొహం మీద.

వేగం లేదన్న ఫిర్యాదు పాతబడిపోయింది. కట్టడాలకు ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే టీఎస్ బీపాస్ చట్టం 2020 నవంబరులోనే అమల్లోకొచ్చింది. 75 గజాల లోపు ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. బడి లాంటి పెద్ద కట్టడాలకు సింగిల్ విండో పెట్టి, 21 రోజుల్లో తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే అన్నారు. కాగితం మీద దీన్ని మించిన సులువు ఏముంటుంది? మరి జల్‌పల్లిలో పద్ధతైన జాగలో, ఆటస్థలంతో ఉన్న బళ్లు వరసగా లేవలేదేం? సింగిల్ విండో దస్త్రాలను ఒకచోటికి చేర్చింది, అంతే. జాగను ఎవరూ కలిసి చూడలేదు. పైగా ఆ చట్టంలో ఇంకో కొస ఉంది, దాని గురించి సంబరపడేవాళ్లు మాట్లాడరు. అన్నీ సక్రమమేనని దరఖాస్తుదారే రాసివ్వాలి, అది తప్పని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం ప్రభుత్వానికుంది. అంటే తొందరగా ఇచ్చి, తప్పు ఎవరిదో ముందే రాయించుకున్నారు. మూడు వందల మంది పిల్లలు కూర్చున్న కట్టడం విషయంలో ఇది సౌకర్యమా, ఉచ్చా?

ఇక నిబంధనలు దండగ అనేవాళ్లకు 2020 అక్టోబరు గుర్తు చేయాలి. ఆ నెల 13, 14 తేదీల వానకు జల్‌పల్లిలోని బుర్హాన్ ఖాన్ చెరువు పొంగి ఉస్మాన్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అవి వారానికో పది రోజులకో పోలేదు, నెలల తరబడి నిలిచే ఉన్నాయి. ఆ నెలలోనే బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి, కింద ఉన్న హఫీజ్ బాబా నగర్ మునిగింది. చెరువులు తమ చోటు తాము అడిగాయి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిబంధనల 168వ జీవో, పది హెక్టార్లూ అంతకు మించీ ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదలమంటుంది. ఆ 30 మీటర్లను ఆఫీసరు చాదస్తం అనుకునేవాళ్లు ఉస్మాన్‌నగర్ వెళ్లి అడగొచ్చు.

అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌వోసీ కూడా అంతే. 500 చదరపు మీటర్లు, ఆపై జాగలో కట్టినా, 6 మీటర్ల ఎత్తు దాటినా బడికి అది తప్పనిసరి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో 94 మంది పిల్లలు బడిలోనే కాలిపోయారు. సుప్రీంకోర్టు 2009లో దేశంలోని అన్ని బళ్లకూ అగ్ని భద్రత తప్పదని చెప్పింది ఆ తర్వాతే. దీన్ని వేధింపు అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

అసలు మూలం జాగలో ఉంది. జల్‌పల్లి నిన్నమొన్నటి దాకా గ్రామ పంచాయతీ. 2016లో మున్సిపాలిటీ అయింది. అప్పటికే శ్రీశైలం రోడ్డుకు అటూ ఇటూ, ఎర్రకుంట నుంచి షాహీన్‌నగర్ మీదుగా పొలాలు ప్లాట్లయ్యాయి. చాలాచోట్ల లేఅవుట్ అనుమతి లేదు, నోటరీ కాగితమే పట్టా. అనుమతి ఉన్న లేఅవుటైతే పదో వంతు ఖాళీ వదలాలి. పార్కో, ఆటస్థలమో దాంట్లోనే వస్తుంది. అనుమతి లేనివాడు ఆ పదో వంతునూ గజాల లెక్కన అమ్ముకున్నాడు. పిల్లల ఆటస్థలం అలా ఎవరి వంటింటి కిందికో పోయింది.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2020లో అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ పెట్టినప్పుడు, ఆ ఖాళీ జాగ లేని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టాల్సింది ప్లాట్లేసి అమ్ముకుపోయిన వ్యాపారి కాదు, కూతురి పెళ్లికి దాచిన డబ్బుతో అరవై గజాలు కొనుక్కున్న ఆటోవాలా. సరే, కట్టాడనుకుందాం. ఆ డబ్బుతో అదే బస్తీలో పదో వంతు జాగ కొని పిల్లలకిచ్చారా? రెగ్యులరైజేషన్ అనే మాటలో మోసం ఇక్కడే ఉంది. అది కాగితాన్ని సరిచేస్తుంది, జాగను తిరిగివ్వదు. ‘ముందు కట్టనివ్వండి, తర్వాత చూద్దాం’ అనేవాళ్లు ఈ జాగలన్నీ పోయింది ఆ పద్ధతిలోనేనని మరిచిపోతున్నారు.

మిగిలిందేమిటి? చెరువు అంచు, నాలా ఒడ్డు, తగాదా భూమి. బడి పెట్టేవాడికి అగ్గువకు దొరికేది అదే. కొన్నాక అనుమతి రాలేదని ఏడుస్తాడు. ఆ ఏడుపు నిజమే, కానీ తప్పు కొన్న రోజు జరిగింది.

‘పేద పిల్లలు కదా, చూసీచూడనట్టు పోవాలి’ అన్నది ఇంకో వాదం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక, పక్కనే బండ్లగూడలో సల్కం చెరువు దగ్గరి కాలేజీ ప్రాంగణం మీద రాష్ట్రమంతా కొట్లాడింది. అదే ఏడాది ఆగస్టులో మాదాపూర్‌లో ఒక పెద్ద ఫంక్షన్ హాలును కూల్చినవాళ్లు దీన్నెందుకు వదిలారని ఒకరు, చదువుకునే ఆడపిల్లల్ని రోడ్డున పడేస్తారా అని మరొకరు. ఇద్దరూ కూల్చడం గురించే మాట్లాడారు. పేద ఆడపిల్లల చదువుకు చెరువు పక్క తప్ప ఇంకో చోటు ఎందుకు దొరకలేదని ఎవరూ అడగలేదు. నాకు ఆ జాలి మీద నమ్మకం లేదు. డబ్బున్నవాళ్ల కోకాపేటలో పిల్లల బస్సు తిరగడానికి ఎంత చోటు కావాలో లెక్కేసే సమాజం, షాహీన్‌నగర్ పిల్లలకు ఎఫ్‌టీఎల్ లోపలైనా ఫరవాలేదంటే దాన్ని దయ అనలేను.

ఆఫీసుల్లో తిప్పరా, చేయి తడపనిదే ఫైలు కదులుతుందా అంటారు. తిప్పుతారు, కదలదు. ఆ లంచగొండితనాన్ని వెనకేసుకురావడానికి ఇది రాయడం లేదు. కానీ లంచం బతికేది నిబంధన ఉండటం వల్ల కాదు, గీత ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడం వల్ల. చెరువుల హద్దులు ఏళ్ల తరబడి ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిపోతే, ఆ 30 మీటర్లు ఎక్కడ మొదలవుతాయన్నది బేరం అవుతుంది.

బడికి జాగ చూపడం అసలు ఎవరి పని? విద్యాహక్కు చట్టం ఆరో సెక్షన్ దాన్ని ప్రభుత్వం మీదా స్థానిక సంస్థ మీదా పెట్టింది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది, మూడేళ్లలో ప్రతి పరిసరంలో బడి ఉండాలంది. ఆ గడువు 2013లోనే పోయింది. మైనారిటీ గురుకులాలు 2016 నుంచి వచ్చాయి, మంచిదే. కానీ ఎన్నో అద్దె కట్టడాల్లో నడిచాయి. 2024 దసరా సెలవుల తర్వాత బకాయిలు రాలేదని యజమానులు కొన్ని గురుకులాల గేట్లకు తాళాలేసిన సంగతి రాష్ట్రమంతా చూసింది. సొంత జాగ లేని బడి గతి అది.

కాబట్టి నేనడిగేది అనుమతుల కోత కాదు. బడి కోసం అడ్వాన్సు ఇవ్వకముందే ఒక దరఖాస్తు పెట్టుకునే వీలుండాలి. రెవెన్యూ సర్వేయరు, నీటిపారుదల ఇంజినీరు, టౌన్ ప్లానింగ్, ఫైర్, విద్యాశాఖ ఒకే రోజు, వీలైతే వానాకాలంలో, ఆ జాగలో నిలబడి సరేనో కాదో ఒకే కాగితం మీద రాసివ్వాలి. కాదంటే కారణం రాయాలి, ఔనంటే తర్వాత మాట మార్చకూడదు.

2025 డిసెంబరులో జల్‌పల్లిని గ్రేటర్ హైదరాబాద్‌లో (జీహెచ్‌ఎంసీలో) కలిపారు. ఫైళ్లు ఇంకోసారి ఆఫీసు మారాయి. కొత్త యజమానిగా జీహెచ్‌ఎంసీ ముందుగా ఒక లెక్క చెప్పాలి: జల్‌పల్లి ప్లాట్లవాళ్లు ఖాళీ జాగ పేరిట కట్టిన 14 శాతం మొత్తం ఎంత? దానితో ఇక్కడి పిల్లలకు ఎన్ని గజాలు కొంటారు, ఏ సర్వే నంబర్లలో?