మాకు తెలియకూడదనే అనుకున్నాం

మేం యాప్‌లు తయారుచేసి బతికేవాళ్ళం. కొందరం మాదాపూర్‌లో, కొందరం బెంగళూరులో, కొందరం అమెరికాలో. వాడేవాళ్ళు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి అని చట్టాలు పాతికేళ్ళుగా చెబుతున్నాయి. వయసు కనుక్కోవడం అంత తేలిక కాదని మేం అందరినీ నమ్మించాం. నిజానికి చేతకాక వదిలెయ్యలేదు. తెలిస్తే నష్టం గనక తెలుసుకోలేదు.

మా పనితనం చూడాలంటే ఒక్క తెర చాలు. యాప్ తెరవగానే పుట్టిన తేదీ అడుగుతాం. రోజు, నెల, సంవత్సరం. ఆరో క్లాసు పాప ఉన్నదున్నట్టు 2014 దగ్గర ఆపుతుంది. 'క్షమించండి, ఈ యాప్ వాడాలంటే మీకు 18 ఏళ్ళు నిండాలి' అంటాం. ఎంత చెబితే లోపలికి రానిస్తామో మేమే చెప్పేశామన్నమాట. పాప వెనక్కి వెళ్తుంది. మళ్ళీ అదే తెర. ఈసారి వేలితో గట్టిగా తోసి వదిలేస్తుంది, అంకెలు గిర్రున తిరిగి 1987 దగ్గర ఆగుతాయి. 'స్వాగతం' అంటాం. అర నిమిషంలో ఈ మనిషికి పాతికేళ్ళకు పైగా వయసెలా పెరిగిందని మా సర్వరు అడగదు. రెండోసారి తేదీ మార్చనివ్వకుండా ఫోనులో ఓ గుర్తు పెట్టడం మాకు పెద్ద పనేం కాదు. అలా చెయ్యమని అమెరికాలో వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ ఏనాడో చెప్పింది కూడా. పెట్టలేదు.

ఎందుకో చెప్పాలంటే 1998లో అమెరికా చేసిన 'కోపా' చట్టం దాకా వెళ్ళాలి. 2000 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 13 ఏళ్ళలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. అయితే పిల్లల కోసమే చేసింది కాకుండా అందరికోసం చేసిన సైటయితే, ఫలానావాళ్ళు పిల్లలని కంపెనీకి నిజంగా తెలిసినప్పుడే బాధ్యత. ఆ ఒక్క షరతును పట్టుకుని మా పరిశ్రమ పెరిగి పెద్దదైంది. తెలియకుండా చూసుకోవడమే మా నేర్పయింది. వయసు అడిగే తెర పిల్లల కోసం కట్టిన గోడ కాదు, 'మేం అడిగాం, వాళ్ళే అబద్ధం చెప్పారు' అని రేపు చూపించుకోవడానికి దాచుకున్న రసీదు.

డబ్బులొచ్చే చోట మాత్రం మాకు అన్నీ తెలుసు. బొమ్మల కంపెనీల దగ్గరికి వెళ్ళి పిల్లల్లో మా అంత ఆదరణ ఇంకెవరికీ లేదని చెప్పుకుంటూ, చట్టం అడిగితే మాది అందరి వేదిక అంటోందని యూట్యూబ్ మీద ఎఫ్‌టీసీ ఆరోపించింది. 2019లో గూగుల్ 17 కోట్ల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. మిగతావాళ్ళం ఆ వార్త చదివి, దొరికిపోయారు పాపం అనుకున్నాం.

ఇప్పుడు మన దేశం వంతు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలనే అంటుంది. తల్లిదండ్రుల అనుమతి సరిచూసుకోదగ్గదై ఉండాలి, పిల్లల వెంటపడి వాళ్ళేం చేస్తున్నారో గమనించకూడదు, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ఈ బాధ్యతలు పాటించడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

ఆ నిబంధనల్లో అనుమతి ఎలా తీసుకోవాలో ఉదాహరణలిచ్చారు. వాటిలో కొన్నిట్లో 'నేను చిన్నపిల్లను' అని పాప తనే వచ్చి చెబుతుంది. మేం ముందుగా చూసిందదే. చెప్పకపోతే? మా మీటింగుల్లో ఆ ప్రశ్న పిల్లల మీద బెంగతో లేవలేదు. 'ఇంకో స్టెప్ పెడితే మధ్యలో డ్రాపాఫ్ అయ్యేవాళ్ళు ఎంతమంది?', 'లీగల్ వాళ్ళు ఓకే అన్నారా?', 'ఓటీపీతో సరిపెట్టొచ్చు కదా?' ఇవే మా మాటలు.

ఓటీపీ సంగతి మన ఇళ్ళలో తెలియనిదెవరికి? సిమ్ము నాన్న పేరు మీద, నాన్న దుబాయ్‌లో, ఫోను ఇంట్లో పాప చేతిలో. నాన్నమ్మ ఫోనుకొచ్చే ఓటీపీ చదివేదీ పాపే, కరెంటు బిల్లు కట్టేదీ పాపే. అనుమతివ్వాల్సిన పెద్దలకు ఫోను నేర్పింది ఆ పిల్లలే. ఇదంతా తెలిసి ఓటీపీ పంపి చేతులు దులుపుకోవడం దొంగ చేతికి తాళాలివ్వడం కూడా కాదు, పసిపిల్ల చేతికిచ్చి దొంగతనం ఆమె మీదకి నెట్టడం. అప్పులిచ్చే యాప్ చేసినప్పుడు మాత్రం పాన్ కార్డూ, సెల్ఫీ, కళ్ళార్పడమూ అన్నీ అడిగింది మేమే.

'అందరి గుర్తింపు కార్డులూ అడిగితే వాళ్ళ గోప్యత ఏం కావాలి?' అని మేం ఆవేదన పడతాం. మంచి ప్రశ్నే. టార్చిలైటు యాప్ కాంటాక్టులన్నీ అడిగిన రోజుల్లో ఆ ఆవేదన ఎక్కడుందో మరి. కార్డు కాపీ దాచుకోకుండా, డిజీలాకర్ లాంటి చోట్ల నుంచి వయసు తేల్చే టోకెన్ తీసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది.

తల్లిదండ్రులుగా కూడా మేం తక్కువ తినలేదు. 2020లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు మా పిల్లల అకౌంట్లలో దొంగ పుట్టిన సంవత్సరం కొట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. వయసు గురించి అబద్ధమాడితే పని జరుగుతుందని పిల్లలు నేర్చుకున్నది మా పక్కన కూర్చునే.

దారి లేక కాదు. బ్రిటన్‌లో 2021 నుంచి పూర్తిగా అమలవుతున్న పిల్లల కోడ్ ఓ సూటి మాట చెబుతుంది: ముప్పును బట్టి వయసు నమ్మకంగా తేల్చుకోండి, లేదా పిల్లలకివ్వాల్సిన రక్షణ అందరికీ ఇవ్వండి. అంటే లొకేషన్ ఆపేసి ఉంచడం, అక్కర్లేని సమాచారం అడక్కపోవడం, మొదటి సెట్టింగే భద్రంగా ఉండటం. ఏ కార్డూ అడగకుండా రేపే చెయ్యొచ్చు. చెయ్యంది ఎందుకంటే, అప్పుడు పెద్దవాళ్ళ వెంటపడటం కూడా మానెయ్యాలి. ప్రకటనల రాబడి పోతుంది. ఇన్నాళ్ళూ పిల్లల వయసు తేల్చకపోవడానికీ, ఇకముందు తేల్చేశామని అనిపించుకోవడానికీ మా లెక్క ఒక్కటే. వయసు తెలియనప్పుడు ఎదుట ఉన్నది పిల్లలే అనుకుని పని మొదలుపెట్టేదాకా, చట్టం పాటిస్తున్నామని చెప్పుకునే హక్కు మాకు లేదు.